పదకొండేళ్ల ముఖానికి సీరం ఎందుకు?

చర్మ సంరక్షణ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా పిల్లల గురించే ఉన్నాయి. వాటిలో ఆరింటిని ఎంచుకుని, కొన్నింటిని కొంత కుదించి, ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. రాసినవారి పేర్లు తీసివేశాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అమ్మాయికి పదకొండేళ్లు, ఆరో తరగతి చదువుతోంది. ఫోనులో వీడియోలు చూసి పొద్దునొక సీరం, రాత్రొక సీరం కావాలని పట్టుబడితే, పుట్టినరోజుకు రెటినాల్ ఉన్న క్రీమూ గ్లైకాలిక్ ఆమ్లం ఉన్న టోనరూ కొనిపెట్టాం. మూడు వారాలకే బుగ్గలు ఎర్రబడ్డాయి, నీళ్లు తగిలినా మంట అంటోంది. అయినా ‘అలవాటు పడేదాకా అలాగే ఉంటుందట’ అంటూ మానడం లేదు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఆ రెండింటినీ ఈ రోజే ఆపించండి. నీళ్లు తగిలితేనే మంట పుడుతున్నదంటే చర్మం అలవాటు పడుతోందని కాదు, దాని పైపొర దెబ్బతిన్నదని అర్థం. లోపలి తేమను బయటికి పోనివ్వకుండా, బయటి మురికినీ క్రిములనూ లోపలికి రానివ్వకుండా కాపలా కాసేది ఆ పొరే.

రెటినాల్ విటమిన్ ‘ఎ’ కుటుంబానికి చెందిన పదార్థం. వయసు మీద పడుతున్న కొద్దీ చర్మంలో కొత్త కణాలు పుట్టే వేగం తగ్గుతుంది, కొల్లాజెన్ అనే ప్రోటీను తరుగుతుంది, సన్నని ముడతలు మొదలవుతాయి. ఆ మందగించిన పనిని తట్టిలేపడానికి రెటినాల్‌ను వాడతారు. పదకొండేళ్ల పిల్ల చర్మంలో ఆ పని మందగించనే లేదు. అక్కడ తట్టిలేపడానికి ఏమీ లేకపోగా, పొట్టు లేవడం, ఎరుపు, మంట, ఎండకు ఇట్టే కమిలిపోవడం మాత్రమే మిగులుతాయి. గ్లైకాలిక్ ఆమ్లం పైపొరలోని మృతకణాలను వదులుచేసి రాల్చేది కాబట్టి, రెంటినీ కలిపి వాడితే ఒకే గోడను రెండు వైపుల నుంచి గీకినట్టు అవుతుంది.

ఇది మన ఊళ్లకే పరిమితమైన ముచ్చట కాదు. స్వీడన్‌లో అపోటెక్ యార్టాట్ అనే పెద్ద మందుల దుకాణాల సంస్థ, ముడతలు తగ్గించే ఘాటైన చర్మ ఉత్పత్తులను పదిహేనేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా అమ్మబోమని 2024లో ప్రకటించింది. సరుకు అమ్ముకునేవారే వద్దనే దాకా వచ్చిందంటే, కొనేవారు కాసేపు ఆగి ఆలోచించవలసిన విషయమే.

మరొక సంగతి పైకి కనిపించదు. ఈ సీసాలలో చాలావాటిలో సువాసన ద్రవ్యాలూ, నిల్వ ఉంచే రసాయనాలూ ఉంటాయి. చిన్న వయసు నుంచే, అందులోనూ పైపొర పాడైన చర్మం మీద, వాటిని రోజూ రాస్తూ పోతే వాటిలో ఏదో ఒకదానికి అలర్జీ ఏర్పడవచ్చు. ఒకసారి ఏర్పడిన అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. ఆ తరువాత సబ్బు కొన్నా, షాంపూ కొన్నా, పెళ్లి నాటి అలంకరణకైనా లేబుల్ వెదుక్కోవలసిందే. ‘సహజమైనది’ అని రాసి ఉన్నంత మాత్రాన ఈ భయం తీరదు. లవంగ, దాల్చినచెక్క, నిమ్మ నూనెలు కూడా అలర్జీ తెప్పించగలవు.

రెండు మూడు వారాల పాటు సువాసన లేని మెత్తని క్లెన్సర్‌తో రాత్రిపూట ముఖం కడిగించి, తడి పూర్తిగా ఆరకముందే సువాసన లేని మాయిశ్చరైజర్ రాయించండి. ఉదయం ఉత్త నీళ్లు చాలు. ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాయండి, అది కూడా మండితే ప్రస్తుతానికి టోపీ, గొడుగులతో సరిపెట్టండి. అప్పటికీ ఎరుపు తగ్గకపోయినా, పొక్కులు వచ్చినా చర్మవైద్యులకు చూపించండి. పాపను మాత్రం తిట్టవద్దు. స్నేహితురాళ్లందరి దగ్గరా ఉన్నది తన దగ్గర లేదన్న బాధ ఆ వయసులో చిన్నది కాదు. ఒక పాప నా బల్ల మీద తొమ్మిది సీసాలు వరుసగా పేర్చి, ఏది ముందు ఏది తరువాత రాయాలో నాకే పాఠం చెప్పింది. ఆ శ్రద్ధ ముచ్చటేసింది కూడా. ఆ తొమ్మిదింటిలోంచి తనకు పనికివచ్చే ఒక్కదాన్ని ఆమెనే ఎంచమన్నాను. లేబుళ్లు చదివి, చివరికి మాయిశ్చరైజరే ఎంచింది.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వయసు పదహారు. మొటిమలు ఎక్కువగా వస్తుంటే, మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. వారంలో మొటిమలు పోయి ముఖం తెల్లబడింది. అందరూ మెచ్చుకున్నారు. ఆరు నెలలుగా అదే వాడుతున్నాను. ఇప్పుడు రెండు రోజులు మానితే ముఖమంతా ఎర్రగా మండుతోంది, మొటిమలు మునుపటికంటే ఎక్కువ వస్తున్నాయి, బుగ్గల మీద సన్నని ఎర్రని గీతలు కనిపిస్తున్నాయి. వాడితే తగ్గుతోంది. ఇది నా చర్మ తత్వమా? – ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: కాదు బాబూ, ఇందులో నీ చర్మ తత్వం తప్పేమీ లేదు. నువ్వు రాసిన లక్షణాలు చూస్తే ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందన్న అనుమానం నాకు బలంగా కలుగుతోంది. ట్యూబు మీద పెద్ద అక్షరాల పేరును వదిలేసి, వెనకాల చిన్న అక్షరాలను భూతద్దం పెట్టి అయినా చదువు. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ వంటి పేర్లలో ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడే.

స్టెరాయిడ్ లేపనాలు చెడ్డ మందులు కావు. తామర కాని కొన్ని చర్మపు దురదలకు, ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు మేమూ రాస్తాం, కానీ ఎంత గాఢత, శరీరంలో ఏ భాగానికి, ఎన్ని రోజులకు అన్న లెక్క ప్రకారం రాస్తాం. ముఖ చర్మం పలచన కాబట్టి మందు అక్కడ ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. వాడిన మొదటి వారంలో వాపు, ఎరుపు అణిగి, రక్తనాళాలు ముడుచుకుని ముఖం పాలిపోతుంది. దానినే జనం తెల్లబడింది అంటారు. నెలలు గడిచే కొద్దీ చర్మం పలచబడి, రక్తనాళాలు ఉబ్బి ఎర్రని గీతలుగా పైకి తేలుతాయి, కొత్త మొటిమలు పుడతాయి, కొందరికి ముఖాన నూగు పెరుగుతుంది. మందు మానగానే అణిగి ఉన్న మంటంతా ఒక్కసారిగా ఎగదన్నుతుంది. మళ్లీ రాస్తే తగ్గుతుంది. ఆ తగ్గడం చూసి మందు మంచిదని నమ్మడమే ఈ ఉచ్చు. మన దేశంలో ఇది ఎంత సాధారణమంటే, భారతీయ చర్మవైద్యులు దీనికి ‘టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు.

ఈ ట్యూబులలో కొన్నింటి పుట్టుక 1975 నాటిది. అమెరికాలో క్లిగ్‌మన్ అనే చర్మశాస్త్రవేత్త మంగుమచ్చల వంటి నల్లమచ్చల చికిత్స కోసం చర్మపు రంగును తగ్గించే హైడ్రోక్వినోన్‌ను, రెటినాల్ కుటుంబానికే చెందిన ట్రెటినాయిన్‌ను, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను కలిపి ఒక మిశ్రమం తయారుచేశాడు. అది మచ్చ ఉన్నచోట, వైద్యుని పర్యవేక్షణలో, కొద్దికాలం వాడే మందు. దాని మారురూపాలే మన దగ్గర ముఖానికి నిగారింపు తెచ్చే క్రీములుగా చేతులు మారుతున్నాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను షెడ్యూల్ ‘హెచ్’లో చేర్చి, వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదని నిర్దేశించింది. చీటీ అడగని దుకాణాలు ఎన్నో నీకే తెలుసు.

ఇప్పుడు చేయవలసింది చర్మవైద్యునికి చూపించడం. నీలా నెలల తరబడి వాడినవారికి ఒక్కసారిగా మాన్పించాలా, మెల్లగా తగ్గించాలా అన్నది ముఖం చూసి తేల్చవలసిన విషయం. మానిన తరువాత కొన్ని వారాల పాటు ముఖం అధ్వాన్నంగా ఉంటుందని ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆ దశలోనే చాలామంది బెదిరి మళ్లీ ట్యూబు పిండుతారు.

ఇక అసలు మొటిమల సంగతి. యౌవనంలో ఆండ్రోజెన్ హార్మోన్ల ప్రేరణతో చర్మంలోని తైలగ్రంథులు ఎక్కువ జిడ్డును ఊరుస్తాయి. వెంట్రుక కుదురు దగ్గర మృతకణాలు ఆ జిడ్డుతో కలిసి రంధ్రాన్ని బిరడాలా మూసివేస్తాయి. లోపల మామూలుగానే నివసించే ఒక రకం బాక్టీరియా అక్కడ పెరిగి వాపు తెస్తుంది. అందుకే ఎంత రుద్ది కడిగినా మొటిమ పోదు. అది మురికి వల్ల వచ్చింది కాదు. రోజుకు రెండుసార్లు, ఆటలాడి చెమట పట్టినప్పుడు ఇంకోసారి, మెత్తగా కడిగితే సరిపోతుంది. తేలికపాటి మొటిమలకు 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రిపూట అడాపలీన్ జెల్ వంటివి వైద్యులు సూచిస్తారు. నిజానికి అడాపలీన్ కూడా రెటినాల్ కుటుంబపుదే. పై ఉత్తరంలోని పాపకు వద్దన్నది నీకు మందు ఎలా అయిందంటే, నీకు మొటిమలనే జబ్బు ఉంది, ఆమెకు ఏ జబ్బూ లేదు. వీటి ఫలితం కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వారంలో ముఖం మార్చేసే మందు దొరికితే సంతోషించకు, అనుమానించు. బెంజాయిల్ పెరాక్సైడ్ తువ్వాళ్ల, దిండు గలీబుల రంగు పోగొడుతుంది, తెల్లవి వాడుకో.

నుదుటి మీదే ఎక్కువగా ఉంటే తలనూనె కిందికి జారుతోందేమో చూసుకో. వ్యాయామశాలలో ఇచ్చే వే ప్రోటీన్ పొడి కొందరికి మొటిమలు పెంచుతుంది. తీపి పానీయాలు, మైదా తినుబండారాలు తగ్గిస్తే కొందరికి మేలు కనిపిస్తుంది. గిల్లితే మచ్చ, గుంట మిగులుతాయి. టూత్‌పేస్టు రాస్తే చర్మం కాలుతుంది. లోతుగా గడ్డల్లా వస్తున్నా, గుంటలు పడుతున్నా ఆలస్యం చేయకు, దానికి నోటి మందులు ఉన్నాయి. వాటిలో ఐసోట్రెటినాయిన్ అనేది గర్భస్థ శిశువుకు తీవ్రమైన హాని చేసేది కాబట్టి, నీ చీటీ చూపి ఇంకొకరి కోసం, ముఖ్యంగా అక్కచెల్లెళ్ల కోసం, ఎన్నడూ కొనవద్దు.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. బుగ్గల మీద పాలిపోయిన తెల్లని మచ్చలు వచ్చాయి. మా అత్తగారు కాల్షియం తక్కువైందంటున్నారు, పక్కింటివారు నులిపురుగులంటున్నారు. బొల్లి ఏమోనని నా భయం. – ఒక తల్లి, అనంతపురం

జవాబు: మీ వర్ణనను బట్టి ఇది పిటిరియాసిస్ ఆల్బా కావచ్చు. బడి వయసు పిల్లలలో చాలా సాధారణం. పొడిబారిన చర్మం మీద స్వల్పమైన ఎగ్జిమా వచ్చి తగ్గినచోట రంగు తాత్కాలికంగా పలచబడుతుంది. ఎండకు చుట్టూ ఉన్న చర్మం నల్లబడితే మచ్చ మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాల్షియానికీ నులిపురుగులకూ దీనితో సంబంధం లేదు. బొల్లి మచ్చ సున్నం పూసినంత తెల్లగా, అంచు స్పష్టంగా, నున్నగా ఉంటుంది. ఇది మాత్రం మసక తెలుపుగా, అంచు కలిసిపోయినట్టు, కొద్దిగా పొట్టుతో ఉంటుంది. రోజుకు రెండుసార్లు మాయిశ్చరైజర్ లేదా పెట్రోలియం జెల్లీ రాసి, ఘాటైన సబ్బు మాన్పించండి. రంగు రావడానికి నెలలు పడుతుంది, తొందరపడవద్దు. మెడ, వీపు, ఛాతీ మీద చిన్నచిన్న పొట్టు మచ్చలైతే అది శోభి అయి ఉండవచ్చు. అది ఫంగస్ వల్ల వస్తుంది, దాని మందు వేరు. సందేహమున్నా, మచ్చలు పెరుగుతున్నా ఒకసారి చూపిస్తే క్షణంలో తేలిపోతుంది.

ప్రశ్న: పదమూడేళ్ల మా అమ్మాయి మెడ వెనక నల్లగా, మందంగా మారింది. మురికి అనుకుని నిమ్మచెక్కతో, వంటసోడాతో రోజూ రుద్దుతున్నాను. చంకల్లో కూడా మొదలైంది. – ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: రుద్దడం ఆపండి. అది మురికి కాదు. మెడ, చంకలు, గజ్జలలో మఖమల్ గుడ్డలా మందంగా నల్లబడడాన్ని అకాంతోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక, దాని మోతాదు పెరిగినప్పుడు ఎక్కువగా వస్తుంది. బరువు ఎక్కువగా ఉన్న పిల్లలలోనూ, ఇంట్లో మధుమేహం ఉన్నవారిలోనూ తరచుగా చూస్తాం. కాబట్టి ముందు వెళ్లవలసినది పిల్లల వైద్యుని దగ్గరికి. బరువు, రక్తపోటు, రక్తంలో చక్కెర చూడాలి. నెలసరి మొదలై క్రమం తప్పుతుంటే, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే అది కూడా చెప్పాలి. బరువు అదుపులోకి వస్తే మెడ నలుపు తనంతట తానే తగ్గడం చూస్తుంటాం. చర్మం సహజంగా కొద్దిగా ఆమ్ల గుణం కలది, వంటసోడా క్షారం. నిమ్మరసం పూసి ఎండలోకి వెళితే బొబ్బలు కూడా ఎక్కుతాయి. మెడ కడుక్కోవడం లేదని ఆ పిల్లను ఇంట్లోనూ బళ్లోనూ ఎన్నిసార్లు అన్నారో! ఆమె తప్పు లేదని ఆమెతోనే చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. రెండు నెలల మనవరాలికి నూనె రాసి, నలుగు పెట్టి, కాటుక దిద్దుదామని వెళితే అక్కడి డాక్టరు కాటుక వద్దన్నారట, పౌడరు వద్దన్నారట. మేమందరం అలాగే పెరగలేదా నాయనా? – ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: పెరిగాం అమ్మా, కానీ కాటుక విషయంలో అక్కడి డాక్టరుదే సరైన మాట. బజారులో దొరికే కాటుకలు, సుర్మాలు కొన్నింటిలో సీసం ఉంటుంది. పసిపిల్ల కన్ను నలుపుకున్న వేలిని నోట్లో పెట్టుకుంటే ఆ సీసం లోపలికి పోతుంది, ఎదిగే మెదడుకు అది చేటు. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌డీఏ ఈ రకం కాటుకను సౌందర్య సాధనంగా అనుమతించదు. ఇంట్లో ఆముదపు దీపం మసితో చేసినా, వేలితో కంట్లో పెట్టడం వల్ల కలకలు రావచ్చు. దిష్టి చుక్క పెట్టాలని మనసైతే అరికాలికి పెట్టండి, అక్కడైతే నోటికి అందదు. ఆ కాలిని నోట్లో పెట్టుకునే వయసు వచ్చాక అదీ మానేయండి. పౌడరు పీలిస్తే పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నూనె మర్దనకు అభ్యంతరం లేదు. కొబ్బరినూనె పలచగా, మెత్తని చేత్తో రాయండి. ఆవనూనె, ఆలివ్ నూనె పసి చర్మపు పైపొరను వదులుచేస్తాయి కాబట్టి వద్దు. ముక్కులో, చెవిలో నూనె పోయవద్దు. నలుగు పిండితో రుద్దడం మాత్రం ఏడాది దాటినా తొందరే. పసిపిల్ల చర్మం పలచన, బరువుతో పోలిస్తే చర్మ విస్తీర్ణం పెద్దవారికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుకే దాని మీద పూసినది ఏదైనా ఒంట్లోకి ఇంకే పాలు ఎక్కువ. సాంబ్రాణి పొగ కూడా గదిలో వద్దు. ఆరు నెలల లోపు సన్‌స్క్రీన్ రాయరు, నీడలో ఉంచి నూలు బట్టలు వేస్తే చాలు.

ప్రశ్న: మా పాపకు పదమూడేళ్లు, వచ్చే నెల ఓణీల వేడుక. కొంచెం చామనఛాయ. బంధువులొకరు ఫలానా ఫెయిర్‌నెస్ క్రీము రెండు వారాల్లో రంగు తెస్తుందని తెచ్చిచ్చారు, దాని మీద తయారీ వివరాలేమీ లేవు. పార్లర్‌లో బ్లీచ్ కూడా చేయించమంటున్నారు. చేయించవచ్చా? చేతులకు నల్ల మెహందీ కోన్ పెట్టించుకుంటానని పాప అడుగుతోంది. – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మూడింటికీ వద్దనే అంటాను, కానీ మూడు వేర్వేరు కారణాలతో.

తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, పదార్థాల జాబితా లేని క్రీములో స్టెరాయిడ్ ఉండవచ్చు, అంతకంటే ప్రమాదకరమైన పాదరసమూ ఉండవచ్చు. పాదరసం చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. అందుకే రంగు నిజంగానే తేలుతుంది, జనం నమ్ముతారు. అదే పాదరసం రక్తంలో చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో మూత్రంలో ప్రోటీను పోతున్న రోగులను పరిశీలించిన వైద్యులు వారిలో చాలామంది ఇటువంటి క్రీములు వాడినట్టు గుర్తించి, ఆ సంగతిని 2023లో బయటపెట్టారు. మన దేశపు 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం, కంటి చుట్టూ వాడేవి మినహా, ఇటువంటి ఉత్పత్తులలో పొరపాటున కలిసే పాదరసం కూడా పది లక్షల భాగాలలో ఒక భాగాన్ని మించకూడదు. లేబుల్ లేని డబ్బా ఆ నిబంధనను పాటిస్తుందని అనుకోవడానికి ఆధారమేముంది? పాప ఇప్పటికే వాడి ఉండి, మూత్రం నురుగుగా వస్తున్నా, ముఖం, పాదాలు ఉబ్బినా వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి, డబ్బాను కూడా వెంట తీసుకెళ్లండి.

బ్లీచ్‌లో అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటాయి. పదమూడేళ్ల చర్మం మీద అవి మంట, బొబ్బలు, ఆ తరువాత నల్ల మచ్చలు మిగిల్చడం నేను వేడుకల ముందు వారాల్లో తరచుగా చూస్తున్నాను. వేడుకకు కనీసం రెండు వారాల ముందు నుంచి కొత్తది ఏదీ ముఖానికి రాయవద్దు. రోజూ వాడుతున్న మాయిశ్చరైజర్, పగటిపూట ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ సరిపోతాయి. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున క్రీము తీసుకోవాలి, ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. తెల్లని పూత కనిపిస్తోందని పాప వద్దంటే, రంగు కలిపినవి దొరుకుతాయి.

చామనఛాయ గురించి మీరు ‘కొంచెం’ అని సర్దిచెప్పుకున్నారు. ఆ మాట పాప వినేలా అనకండి. రంగు తక్కువైతే పెళ్లి కాదు, ఉద్యోగం రాదు అన్నట్టు ప్రకటనలు చూపకూడదని మన ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. బంధువులకు అటువంటి మార్గదర్శకాలు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి ఆ పని మీరే చేయాలి.

ఇక మెహందీ. నిండు నలుపు రంగు నిమిషాలలో ఇచ్చే కోన్లలో జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలపడం పరిపాటి. దాని వల్ల డిజైను వేసిన గీతల వెంబడే బొబ్బలు లేస్తాయి, ఆ గుర్తులు నెలల తరబడి ఉండిపోతాయి. అలర్జీ ఒకసారి పట్టుకుంటే ఆమె పెద్దయ్యాక జుట్టుకు రంగు వేసుకున్నప్పుడు ముఖమంతా వాచిపోవచ్చు. అసలైన గోరింటాకు నల్లగా పండదు, ఎర్రగానే పండుతుంది, దానికి గంటలు పడుతుంది. ఎవరి పెరట్లోనైనా చెట్టు ఉంటే ఆకు కోయించి, రుబ్బి, ముందు రోజు రాత్రి పెట్టండి. రక్తహీనతకు కారణమయ్యే జీ6పీడీ లోపం ఉందని వైద్యులు ఇదివరకు చెప్పి ఉంటే మాత్రం గోరింటాకు కూడా పెట్టకూడదు.